ఎడమ చెవి మీద జుట్టు

నవంబరు పదకొండు, సోమవారం. ఆ తేదీని కత్తెర తాత ప్రాణం ఉన్నంతవరకు మరిచిపోడు. ఆ పొద్దున తిన్న తిండినీ మరిచిపోడు. రెండు బ్రెడ్డు ముక్కలు, ఉప్పు అద్దుకున్న ఉడకబెట్టిన గుడ్డు, గ్లాసుడు టీ.

గుడ్డు ఇచ్చింది ఎదురు వరండాలో ఇస్త్రీ బల్ల వేసుకున్న ఆవిడ. తాత భార్య పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి సోమవారం వచ్చిందంటే, ఆయన మందిరానికి పనికి పోయే రోజు కాబట్టి వండుకునే తీరిక ఉండదని, కూతురికి గుడ్డు ఉడకబెట్టే గిన్నెలోనే ఇంకోటి వేసేది. కాగితంలో చుట్టి తెచ్చి, షాపులో అద్దం ముందు పెట్టి వెళ్ళిపోయేది. తిన్నావా అని ఆమె అడిగేది కాదు. తిన్నానని ఆయన చెప్పేవాడు కాదు.

ఆ గుడ్డు తిన్న రెండు గంటలకి ఆయన ఆ కూతురి జుట్టు కోశాడు. ఆరువందల మంది పిల్లలు చూస్తుండగా కోశాడు.

మందిరం వారి హైస్కూలంటే ఊళ్ళో అన్నిటికంటే ఎత్తయిన గోడ. గోడకి ఇనప గేటు, గేటు మీద రాతి పలక. పలక మీద నియమాలు చెక్కించారు. మగపిల్లల జుట్టు గోరు మందం దాటకూడదు. ఆడపిల్లలకి రెండు జడలుండాలి, రెండు చెవులూ కనపడాలి. బట్టకి మడత నలగకూడదు. మందిరం మనుషుల నెత్తి మీదా ముఖం మీదా వెంట్రుక ఉండకూడదు. నియమం తప్పినవారు ఈ గుమ్మం దాటరాదు. అన్నిటికంటే కింద, పెద్దగురువు స్వయంగా చెప్పి చెక్కించిన వరస: ఇందులో పెద్దా చిన్నా తేడా లేదు. ఆ వరస చూపించి ఆయన వచ్చిన అతిథులందరికీ మురుస్తూ చెప్పేవాడు.

మందిరం వాళ్ళకి ఇంకో నియమం ఉంది. అది రాతి మీద లేదు గానీ రాతికంటే గట్టిది. మందిరం మనిషి కత్తి పట్టకూడదు. తన గడ్డం తాను గీసుకోకూడదు, పక్కవాడికి గీయకూడదు. ఆ పని బయటివాడి చేత్తోనే జరగాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ చెయ్యి కత్తెర తాతది. సోమవారం పొద్దున్నే వెనక గదిలో తొమ్మిదిమంది పెద్దలకి నున్నగా గీసి, తర్వాత బడి మైదానంలోకి వచ్చి స్టూలు వేసేవాడు. ప్రార్థన అయ్యాక నియమం తప్పిన పిల్లల్ని ఒక్కొక్కరినే ఆ స్టూలు మీదికి పంపేవారు.

అన్నేళ్ళూ ఆయన తన పద్ధతిలో తాను నెట్టుకొచ్చాడు. ఏడ్చే పిల్లవాడికి మెడ మీద పౌడరు కాస్త ఎక్కువ రాసేవాడు. ముందు జుట్టంటే ప్రాణం పెట్టే కుర్రాడికి వెనక ఎక్కువ తీసి ముందు తక్కువ తీసేవాడు. ఎవరూ పట్టించుకునేవారు కాదు. జూన్‌లో క్రమశిక్షణకని కొత్త సారు వచ్చాక ఆ సందు మూసుకుపోయింది. కొత్త సారు చేతిలో గోరు మందానికి గాటు పెట్టిన ఇత్తడి బద్ద ఉండేది. పిల్లలు వారం తిరక్కుండానే ఆయనకి బద్ద సారని పేరు పెట్టారు.

ఆ సోమవారం బద్ద సారు పదో తరగతి ఆడపిల్లల వరస ముందు నడుస్తూ ఇస్త్రీ ఆవిడ కూతురి దగ్గర ఆగాడు. ఆ పిల్లకి రెండు జడలూ ఉన్నాయి. కానీ ఎడమ పక్క జడ వదులుగా వేసి, జుట్టు చెవి మీదికి జారేలా పిన్ను పెట్టుకుంది. నాలుగేళ్ళ వయసులో బల్ల అంచు మీదినుంచి ఇస్త్రీ పెట్టె జారి ఆ చెవి మీద పడింది. అప్పటినుంచీ ఆ పిల్ల జుట్టు అలాగే దువ్వుకుంటుంది.

"చెవేది?" అన్నాడు బద్ద సారు.

"కాలింది సార్."

"చెవి కాలింది. నియమం కాలలేదుగా."

స్టూలు మీద కూర్చోబెట్టారు. తాత ఒక్క మాట అన్నాడు, చిన్ననాటి గాయం సారూ, ఆ ఒక్క పక్కా వదిలేయండి అని. కొయ్యమన్నాను గానీ మాట్లాడమన్నానా అన్నాడు బద్ద సారు. తాత వరండా వైపు చూశాడు. పెద్దగురువు అక్కడే నిలబడి ఉన్నాడు. అరగంట క్రితం తాత తన చేతులతోనే గీసిన ఆ ముఖం ఎండకి మెరుస్తోంది. ఆ ముఖం కానివ్వమన్నట్టు ఆడింది.

కత్తెర దగ్గరికి రాగానే పిల్ల తల ఎత్తకుండా, ఆయనకి మాత్రమే వినపడేలా అంది: "తాతా, ఆ పక్క కొంచెం ఉంచు."

ఆయన ఉంచలేదు. బద్ద సారు పక్కనే వంగి చూస్తున్నాడు. రెండు జడలూ చెవుల పైదాకా తెగి నేల మీద పడ్డాయి. ఎండుటాకులా ముడుచుకున్న చెవి, దాని చుట్టూ మెరిసే గులాబీ రంగు చర్మం అందరికీ కనిపించాయి. మగపిల్లల వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. తోడు నవ్వినవాడు లేడు. వాడి నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది.

మధ్యాహ్నం తాత తన షాపుకి పోలేదు. తిన్నగా ఇస్త్రీ బల్ల దగ్గరికి పోయాడు. చేతిలో కాగితంలో చుట్టిన రెండు జడలు. అప్పటికే పిల్ల ఇంటికి వచ్చేసింది. లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లి పెట్టె రుద్దుతూనే ఉంది. చొక్కా కాలరు, తర్వాత భుజం, తర్వాత చెయ్యి. పని వరస తప్పలేదు.

"కత్తెర ఎవరిది బాబాయ్?" అంది.

"నాదే."

ఇంకో చొక్కా తీసి బల్ల మీద పరిచింది. నీళ్ళు చల్లింది. పెట్టె మూత తెరిచి బొగ్గుల మీది బూడిద ఊదింది.

"గుడ్డు అరిగిందా?"

ఇరవై రెండేళ్ళలో బద్ద సార్లూ పెద్దగురువులూ తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ రెండు మాటలూ ఒక ఎత్తు. ఆయన జడలు బల్ల మీద పెట్టి, తల వంచుకుని రోడ్డు దాటి వచ్చేశాడు.

మర్నాడు తల్లీకూతుళ్ళు గేటు దగ్గరికి పోయారు. పిల్ల తలకి గుడ్డ కట్టుకుంది. గుడ్డ నియమంలో లేదన్నాడు బద్ద సారు. గుడ్డ తీస్తే, రెండు జడలు లేవు కాబట్టి లోపలికి రాకూడదన్నాడు. జడ వేయడానికి జుట్టు ఉంచారా మీరు అని తల్లి అడిగింది. పెరిగాక రమ్మన్నాడు. ఆమె పెద్దగురువు కాళ్ళ దాకా పోయింది. ఆయన చాలా సౌమ్యంగా, బిడ్డకి దణ్ణం పెట్టడం నేర్పండి, జుట్టు దానంతటదే పెరుగుతుంది అన్నాడు. కానీ నలభై రోజులు వరసగా రాని పిల్ల పేరు పట్టికలోంచి కొట్టేస్తారు. పేరు లేకపోతే మార్చి పరీక్ష లేదు. పదో తరగతి గట్టెక్కితే నర్సు చదువుకి పోవాలని ఆ పిల్ల అయిదేళ్ళుగా అనుకుంటోంది. కాలిన చెవికి మందు వేసిన నర్సమ్మ చెయ్యి ఎంత మెత్తగా ఉందో ఆ పిల్లకి ఇంకా గుర్తు. నలభై రోజుల్లో ఏ జుట్టూ జడ అంత పెరగదు. చదువు రాని తల్లికి కూడా ఆ లెక్క తెలిసింది.

మందిరం వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో ముప్ఫై కుట్టు మిషన్లు. మందిరం వారి బళ్ళన్నిటికీ యూనిఫారాలు అక్కడే కుడతారు. గురువారం భోజనాల వేళ ఇస్త్రీ ఆవిడ ఆ షెడ్డుకి పోయింది. అక్కడ పెద్దరికం మిషనక్కది. నలభై ఏళ్ళుంటాయి, సూది నోట్లో పెట్టుకునే మాట్లాడుతుంది, మాట సూదికంటే గుచ్చుకుంటుంది. కబురు అందుకుని తాతా వచ్చాడు, ఊళ్ళో పదకొండు కటింగ్ షాపులవాళ్ళనీ వెంటబెట్టుకుని. జూన్ నుంచి బద్ద సారు బడి నుంచి గెంటేసిన పిల్లలూ వచ్చారు. లెక్కపెడితే పదిహేడుమంది తేలారు. ఒకడి చొక్కా మోచేతి దగ్గర వేరే గుడ్డ అతుకు. ఒకమ్మాయి ఏడాదిలో పొడుగెదిగింది, గౌను పొడుగెదగలేదు. అంతవరకూ ఎవరి ఇంట్లో వాళ్ళు తమ తప్పే అనుకుని ఏడ్చుకున్నారు. పదిహేడుమంది ఒకచోట కూర్చునేసరికి ఏడుపు ఆగింది. ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకోవడం మొదలైంది.

మూల షాపు బావకి భయం. ఆయన తాత చెల్లెలి మొగుడు. దేవుడి వ్యవహారంలో మనం వేలు పెడితే ఊరు మనల్ని ఉమ్మేస్తుందన్నాడు.

"దేవుడు బద్ద పట్టుకుని తిరుగుతున్నాడా?" అంది మిషనక్క. "తిరిగితే చెప్పు, ఆయన కాలరు కొలత కూడా నేనే తీస్తాను."

షెడ్డంతా నవ్వింది. నవ్వు ఆగాక తాత లేచాడు. జరిగింది చెప్పాడు. ఏదీ దాచలేదు. కొంచెం ఉంచు తాతా అని పిల్ల అడిగిన మాట కూడా చెప్పాడు. ఇకమీదట ఆ గేటు లోపల నా కత్తి తెరవను, అన్నాడు.

మిషనక్క జాలి పడలేదు. "కోసింది నువ్వే. ఇప్పుడు కొయ్యనంటే పుణ్యాత్ముడివైపోయావా? నువ్వు మానేస్తే రేపు ఇంకోడొస్తాడు. నీ చెయ్యి కడుక్కోవడానికా ఇంతమందిమి అన్నాలు మానుకుని కూర్చున్నది?"

మాట కటువుగానే ఉంది గానీ అక్కణ్ణించే దారి దొరికింది. మరి ఇంకోడు రాకుండా ఏం చెయ్యాలని ఎవరో అడిగారు. అప్పుడు ఒక్కొక్కరే విప్పడం మొదలుపెట్టారు. ఆ బడిలో క్రమశిక్షణ అంటూ కంటికి కనపడేదంతా ఎవరు చేస్తున్నారు? నలగని మడత ఇస్త్రీ ఆవిడది. తెల్లని తెలుపు చాకిరేవులో వంగిన నడుములది. కొలత తప్పని గౌను ఈ ముప్ఫై మిషన్లది. నున్నటి గుండు, నున్నటి గడ్డం పదకొండు షాపుల కత్తులవి. మందిరం వాళ్ళు చేసేదల్లా బద్ద పట్టుకోవడం. బద్ద ఒక్కటే వాళ్ళది, మిగిలిందంతా మనదేనని మిషనక్క అంది. ఎవరి చేతులు వాళ్ళు చూసుకుంటున్నారు.

నవంబరు ముప్ఫైన బడి వార్షికోత్సవం. మందిరం వారి పెద్దలు దూరదూరాల నుంచి వస్తారు. అందుకే సోమవారం నుంచే అన్ని చేతులూ ఆగిపోవాలని తేల్చారు. బద్ద విరగ్గొట్టాలి, పదిహేడుమందినీ లోపలికి పిలవాలి. ఆ రెండూ జరిగేదాకా కత్తి లేదు, కుట్టు లేదు, పెట్టె లేదు. మూల షాపు బావ చెయ్యి అందరికంటే ఆఖర్న లేచింది. అయినా లేచింది.

అందరూ లేవబోతుండగా ఇస్త్రీ ఆవిడ కూతురు ముందుకి వచ్చింది. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుంది. ఆ సోమవారం తర్వాత తనంతట తానే అందరి ముందూ అలా నిలబడడం అదే మొదటిసారి.

"నలుగురిలో చూపించి నన్ను భయపెట్టారు. ఇప్పుడు నేనే చూపిస్తున్నా. నన్నొక్కదాన్నే లోపలికి పిలిస్తే నేను పోను. పదిహేడుమందిమీ పోతాం. లేకపోతే ఎవ్వరమూ పోము."

బయటికి వస్తూ తల్లి తాత పక్కనుంచి నడిచింది గానీ ఆయన వైపు చూడలేదు.

పద్దెనిమిదో తారీకు సోమవారం. వెనక గదిలో తొమ్మిదిమంది పెద్దలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరసగా కూర్చున్నారు. వేడినీళ్ళు చల్లారాయి. మళ్ళీ కాచారు, మళ్ళీ చల్లారాయి. మనిషిని పంపితే తాత షాపులో కూర్చుని కత్తిని తోలుపట్టీ మీద సాన పడుతున్నాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగారట. ఇన్నాళ్ళకి బాగుందని చెప్పాడు.

ఇస్త్రీ ఆవిడ పెద్దల అంగీలన్నీ తడిపి, మూటగట్టి, తడి మూటనే గేటు దగ్గర పెట్టి వచ్చింది. షెడ్డులో మూడొందల కొత్త గౌన్లు ఒక చెయ్యి కుట్టి రెండో చెయ్యి కుట్టకుండా ఆగిపోయాయి.

బుధవారం మందిరం వాళ్ళు పక్క ఊరి నుంచి ఒక కటింగ్ షాపాయన్ని రప్పించారు. సంచితో బస్సు దిగాడు. మూల షాపు బావ ఎదురెళ్ళి, టీ తాగించి, ఇస్త్రీ బల్ల దాకా నడిపించుకు వచ్చాడు. పిల్ల గుడ్డ తీసి కూర్చుంది. వచ్చినాయన కాసేపు నిలబడి చూశాడు. ఈ కోత మనవాడు కోసిందేనా అని అడిగాడు. అవునని తాత తల వంచాడు. పదునైన చెయ్యి, పాడు చేసుకున్నావు అని ఆయన అదే బస్సులో తిరిగి పోయాడు.

పనివాళ్ళు లేస్తే పిల్లలు ఊరుకుంటారా. గురువారం ప్రార్థనకి పదో తరగతి ఆడపిల్లలంతా ఎడమ జడ వదులు చేసి, జుట్టు ఎడమ చెవి మీదికి దింపుకుని వచ్చారు. శుక్రవారానికి తొమ్మిదో తరగతి, శనివారానికి ఆరు నుంచి పది దాకా అందరూ. మైదానంలో ఎటు చూసినా కుడి చెవి ఒక్కటే. మగపిల్లలకి దింపుకోవడానికి జుట్టు లేదు. ఎడమ చెయ్యి చెవి మీద పెట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు కిసుక్కుమన్నవాడు అందరికంటే ముందు వరసలో పెట్టుకున్నాడు. బద్ద సారు బద్దతో వాడి వేళ్ళ మీద కొట్టాడు. చెయ్యి దిగలేదు. రెండోసారి కొట్టేసరికి పక్కవాడు బద్ద పట్టుకున్నాడు, ఆ పక్కవాడు బద్ద సారు మణికట్టు పట్టుకున్నాడు. ఇత్తడి బద్ద గాల్లోకి లేచి గోడ అవతల పడింది. అవతల షెడ్డు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మిషనక్క దాన్ని తీసి, కొంగుకి తుడిచి, దాచిపెట్టింది.

ఆ మధ్యాహ్నం బడికి తాళం వేశారు. వార్షికోత్సవం మాత్రం ఆగదని పెద్దగురువు చెప్పించాడు. ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. కొందరు పిల్లల్ని చెడగొడుతున్నారని తిట్టారు. ఒక ముసలాయన, వాళ్ళమ్మాయిని అదే బడిలో ముప్ఫై ఏళ్ళ క్రితం ఆ స్టూలు మీద కూర్చోబెట్టారని చెప్పి, తాత షాపు మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చి వెళ్ళాడు. తాత ఆయనకి మంచినీళ్ళిచ్చాడు, ముఖం కడుక్కోమన్నాడు, గడ్డం గీసి పంపాడు. తాత కుర్చీలో అప్పటికి ఊరి జనం మామూలుగానే కూర్చుంటున్నారు. సమ్మె ఆ గేటు లోపలి ముఖాల మీదే.

ముప్ఫయ్యో తారీకు శనివారం పొద్దున తాత షాపు తలుపు తీసేసరికి అద్దం ముందు కాగితంలో చుట్టిన గుడ్డు ఉంది. రెండు సోమవారాలుగా అక్కడ ఏమీ లేదు. ఇవాళ సోమవారమూ కాదు. కిటికీ రెక్క సందులోంచి చెయ్యి పెట్టి ఉంచినట్టుంది. ఆయన దాన్ని చేత్తో తాకాడు. వెచ్చగా ఉంది. సాయంత్రం తిందామని అక్కడే ఉంచి గేటుకి బయలుదేరాడు.

గేటు ముందు షెడ్డు ఆడవాళ్ళు, చాకిరేవువాళ్ళు, పదకొండు షాపులవాళ్ళు, వాళ్ళ వెనక ఆరువందల మంది పిల్లలు. పోలీసులు గోడ వెంబడి వరస కట్టారు. తొమ్మిది గంటలకి కార్లు వచ్చాయి. దూరం నుంచి వచ్చిన పెద్దల గుండ్లు అద్దాల్లా ఉన్నాయి. వాళ్ళని ఆహ్వానించడానికి గేటు లోపలి నుంచి పెద్దగురువు, ఎనిమిదిమంది పెద్దలు బయటికి వచ్చారు. పందొమ్మిది రోజుల వెంట్రుకలు. పెద్దగురువు గడ్డం ఒక పక్క తెల్లగా, ఒక పక్క గోధుమరంగుగా, అడవి గడ్డిలా పొడుచుకొచ్చింది. నెత్తి మీద అక్కడక్కడా మొలకలు. అంగీ నలిగి ఉంది. ఇస్త్రీ లేని అంగీలో ఆయన పొట్టివాడని ఊరికి ఆ రోజే తెలిసింది.

అతిథులకి నమస్కారం పెట్టి ఆయన గేటు వైపు తిరిగేలోగా పదిహేడుమంది పిల్లలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. మధ్యలో ఇస్త్రీ ఆవిడ కూతురు, తల మీద గుడ్డ లేకుండా. మిషనక్క ఆ పిల్ల చేతికి ఇత్తడి బద్ద ఇచ్చింది.

ఆ పిల్ల ఆయన గడ్డం దగ్గర బద్ద నిలబెట్టి, వంగి, బద్ద సారు చూసినట్టే ఒక కన్ను మూసి చూసింది.

"గాటు దాటింది," అంది. "లోపలికి రాకూడదండీ. పెరిగింది తీయించుకుని రండి."

వెనకనుంచి ఎవరో రాతి పలక చదవడం మొదలుపెట్టారు. ఒక గొంతు పది గొంతులైంది, పది గొంతులు వెయ్యి అయ్యాయి. నియమం తప్పినవారు ఈ గుమ్మం దాటరాదు. ఇందులో పెద్దా చిన్నా తేడా లేదు. ఆఖరి వరసని ఆరువందల మంది పిల్లలు ఎక్కం చదివినట్టు మళ్ళీ మళ్ళీ చదివారు. కారు దిగిన అతిథులు తలలెత్తి పలక చూశారు, తలలు దించి పెద్దగురువు ముఖం చూశారు. వాళ్ళు న్యాయం తెలిసినవాళ్ళేం కాదు. కానీ నియమానికి కట్టుబడ్డవాళ్ళు. వాళ్ళలో అందరికంటే ముసలాయన వెనక్కి తిరిగి కారెక్కాడు. ఒక్కొక్క కారే వెనక్కి మళ్ళింది. పెద్దగురువు సొంత గుమ్మం బయట, సొంత పలక కింద నిలబడిపోయాడు.

అప్పుడు ఈల మోగింది, లాఠీలు లేచాయి. మూల షాపు బావ నెత్తి పగిలింది. భయస్తుడని పేరున్న మనిషి పిల్లలకి అడ్డంగా నిలబడి దెబ్బలు తిన్నాడు. మిషనక్కనీ షెడ్డు ఆడవాళ్ళు ఆరుగుర్నీ వ్యాను ఎక్కించారు. వ్యాను కిటికీలోంచి ఆమె కేకేసింది, ఎవరూ రెండో చెయ్యి కుట్టకండి అని. జనం అటూ ఇటూ చెదిరారు గానీ ఇళ్ళకి పోలేదు. వీధి మలుపు తిరిగి, మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గర పోగయ్యారు. రేపు పొద్దున మళ్ళీ అదే గేటు దగ్గరికి, ఈసారి పోలీసు స్టేషను మీదుగా, అనుకున్నారు. బద్ద ఆ తోపులాటలో పిల్ల చేతినుంచి తాత జేబులోకి వచ్చింది.

దీపాలు పెట్టే వేళకి తాత షాపు ఊడుస్తున్నాడు. దుప్పటి ముసుగు కప్పుకుని ఒక మనిషి వెనక సందులోంచి వచ్చి లోపలికి దూరాడు. ముసుగు తీశాడు. పెద్దగురువు.

"పెద్దాయనా," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన నోట తాతకి ఆ పిలుపు అదే మొదటిసారి. "రేపు పొద్దున ఆ కార్లలో వచ్చిన పెద్దలు నన్ను రమ్మన్నారు. ఈ ముఖంతో వాళ్ళ ముందు నిలబడితే పీఠం పోతుంది. ఎవరికీ తెలియక్కర్లేదు. గీసెయ్."

తాత కుర్చీ చూపించాడు. ఆయన కూర్చున్నాడు. తాత మెడ చుట్టూ గుడ్డ కట్టి, వెనక ముడి వేసి, దీపం స్విచ్చి వేశాడు. అద్దంలో ఆ ముఖం తనని తాను చూసుకుని కళ్ళు దించుకుంది.

"ఆ పిల్లని సోమవారం నుంచి రమ్మను," అన్నాడు పెద్దగురువు. "తలగుడ్డ కట్టుకోనీ. ఎవరూ ఏమీ అనరు. పరీక్షకి కూర్చుంటుంది. ఇది నా మాట."

తాత చేతులు ఆగాయి. ఈ ఇరవై రోజులూ ఆయన కలలో ఒకటే గొంతు: ఆ పక్క కొంచెం ఉంచు తాతా. ఇప్పుడు ఉంచే అవకాశం వచ్చి తన కుర్చీలోనే కూర్చుంది. పది నిమిషాల పని. పిల్ల పేరు పట్టికలో ఉంటుంది, తను కోసింది తనే అతికించినట్టవుతుంది. ఎదురు వరండాలో పిల్ల దీపం కింద పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉంది. బడి లేకపోయినా రోజూ అలాగే కూర్చుంటోంది.

ఆయన అద్దం ముందున్న కాగితం విప్పాడు. గుడ్డు చల్లారిపోయింది. బల్ల అంచుకి కొట్టి పెంకు వలవడం మొదలుపెట్టాడు. తొందర పడలేదు. పొరతో సహా చిన్న ముక్కలు తీసి కాగితంలో వేశాడు. మెడకి గుడ్డ కట్టించుకున్న మనిషి కదలకుండా చూస్తున్నాడు. తాత ఉప్పు అద్దుకుని సగం కొరికాడు. నమిలాడు. మిగతా సగం కూడా తిన్నాడు. నీళ్ళు తాగాడు. చెయ్యి తుడుచుకుని జేబులోంచి ఇత్తడి బద్ద తీసి పెద్దగురువు దవడకి ఆనించాడు.

"గాటు దాటిందయ్యవారూ."

"నేనడిగింది అది కాదు."

"ఆ పిల్లనడిగితే ఏమంటుందో నాకు తెలుసు. ఒక్కదాన్నే పోనంటుంది. నేను ఇక్కడ గీసేస్తే దాని జుట్టు రెండోసారి కోసినట్టు." మెడ వెనక ముడి విప్పి గుడ్డ దులిపాడు. గుడ్డలోంచి ఒక్క వెంట్రుక కూడా రాలలేదు. "రేపు గేటు దగ్గర గీస్తాను. అందరి ముందూ. ఈ బద్ద మీరు మీ చేత్తో విరవండి, పదిహేడుమందినీ పేరు పెట్టి లోపలికి పిలవండి, స్టేషన్లో ఉన్న ఏడుగురూ వచ్చి ముందు వరసలో నిలబడాలి. కుర్చీ నేనే మోసుకొస్తాను. స్టూలు మీద కూర్చోబెట్టను మిమ్మల్ని."

పెద్దగురువు లేచాడు. దుప్పటి చుట్టుకుంటూ, గొంతు మార్చాడు. "ఈ గోడ ఎవరిదో గుర్తుందా? మందిరం స్థలంలో షాపు పెట్టుకుని మాట్లాడుతున్నావు. ఎల్లుండికి ఇక్కడ ఇటుక ఉండదు."

"గోడ మీదే. కత్తి నాది. ఎక్కడ చెట్టు నీడ దొరికితే అక్కడ తెరుస్తాను."

తాత తలుపు దాకా తోడు వచ్చాడు, వచ్చిన ప్రతి మనిషికీ వచ్చినట్టే. మెట్టు దిగేటప్పుడు చీకట్లో జాగ్రత్త అని కూడా చెప్పాడు. పెద్దగురువు మెట్టు దిగి, రోడ్డు మీద దీపం వెలుగు తగలని చోటు వెతుక్కుని, అక్కడ నిలబడి మళ్ళీ ఏదో అనబోయాడు. ఎదురు వరండాలో ఇస్త్రీ ఆవిడ పెట్టెలోని బొగ్గులు దింపుతూ తలెత్తింది. ఆమె పక్కన నెత్తికి కట్టుతో మూల షాపు బావ, షెడ్డు ఆడవాళ్ళు, పిల్లలు. ఒక్కొక్కరే అటు తిరిగి, దుప్పటి ముసుగులోని గడ్డాన్ని చూశారు. పిల్ల పుస్తకంలో వేలు పెట్టి, ఎడమ చెవి కనపడేలా తల తిప్పి ఆయన్నే చూస్తూ కూర్చుంది.

తాత కత్తిని మడిచి పెట్టెలో పెట్టాడు. బద్దని దాని పక్కనే పెట్టాడు. రేపు మోసుకుపోవడానికి వీలుగా కుర్చీని తలుపు దగ్గరికి జరిపాడు. దీపం ఆర్పి, రోజూ మూసినట్టే, చప్పుడు కాకుండా, ఆ రాత్రికి తలుపు మూశాడు.